ఇన్ని మతాల్లో ఏది నమ్మాలి? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఒక పాఠకురాలికి ‘పుట్టిన మతంలోనే ఉండి తీరాలని రూలేం లేదు, మారి తీరాలని కూడా లేదు’ అని రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకున్నాను. ఆ రెండు ముక్కల మీద వచ్చినన్ని ఉత్తరాలు ఆవకాయ బూజు పట్టడం మీద కూడా ఎప్పుడూ రాలేదు. తిట్లు పక్కన పెడితే (చాలానే ఉన్నాయి, అన్ని మతాలవాళ్ళూ సమానంగా తిట్టారు, ఆ విషయంలో ఐకమత్యం బాగుంది) మిగిలినవాటిలో నిజంగానే తేల్చుకోలేక నలిగిపోతున్నవాళ్ళు కనిపించారు. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాళ్ళకే. మేనరికం గురించి అడిగినావిడ, తోటికోడలి గురించి అడిగినావిడ దయచేసి వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: మేడమ్, నాకు 26 ఏళ్ళు. మాది పల్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్‌లో నలుగురం కలిసి ఫ్లాట్ తీసుకున్నాం. ఒకడు ఆదివారం ప్రేయర్‌కి రమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నాడు, రక్షణ పొందకుండా చనిపోతే నీ గతేంటి అంటాడు. ఇంకొకడు ముస్లిం, బలవంతం చెయ్యడు కానీ అడిగితే తెలుగు ఖురాన్ ఇచ్చాడు, తిరగేస్తే అందులోనూ నమ్మనివాళ్ళకి నరకం అని ఉంది. మూడోవాడు ఏదో ధ్యానం కోర్సు చేసొచ్చి, అనుభవం వస్తే నీకే తెలుస్తుంది, అప్పటిదాకా మాట్లాడకు అంటాడు. ఇంటికెళ్తే నాన్న శనివారాలు ఒంటిపూట, ఏటా తిరుపతి. వాళ్ళు చెప్తున్నంతసేపూ ప్రతివాడిదీ కరెక్టే అనిపిస్తుంది, గదిలోకొచ్చి పడుకుంటే అన్నీ తప్పే అనిపిస్తాయి. ఒకటి పట్టుకుంటే, నిజం ఇంకోదాంట్లో ఉంటే ఎలా అని నిద్ర పట్టట్లేదు. ఏది నిజమో ఎలా తేల్చుకోవాలి?
– పేరు వద్దు, మియాపూర్

జవాబు: మీది పల్నాడన్నారు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లోనైనా సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసే ఉంటారు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో అక్కడి లోయలో విజయపురి అని ఇక్ష్వాకుల రాజధాని ఉండేది. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కుమారస్వామి భక్తుడు. ఆయన తోడబుట్టిన శాంతిశ్రీ బౌద్ధులకి మహాచైత్యం కట్టించింది, మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో శాసనాలు కూడా వేయించింది. (ఈ మేనల్లుడు ఇంకో మేనత్త కూతుళ్ళని పెళ్ళాడాడు. మేనరికం ఉత్తరం రాసినావిడ గమనించగలరు.) అన్న యజ్ఞాలు, చెల్లెలు స్తూపాలు, ఒకే లోయలో ఇటు గుళ్ళు అటు విహారాలు. ఊరంతా ఇప్పుడు రిజర్వాయర్ నీళ్ళ కింద ఉంది, తవ్వి తీసినవి కొండ మీది మ్యూజియంలో పెట్టారు. కాబట్టి మీ ఫ్లాట్‌లో జరుగుతున్నది ఈ తరానికి కొత్తగా వచ్చిన తలనొప్పేం కాదు, మీ ఊరి పక్కన రాజుగారింట్లోనే ఉండేది.

ఇంకా వెనక్కి వెళ్తే, మీ ప్రశ్నని దాదాపు మీ మాటల్లోనే అడిగినవాళ్ళున్నారు. కోసల దేశంలో కేసపుత్త అనే ఊరు, అక్కడి జనం పేరు కాలాములు. బుద్ధుడు ఆ ఊరొచ్చినప్పుడు ఆయన్ని పట్టుకుని అడిగారు: అయ్యా, మా ఊరికి గురువులు వస్తూ ఉంటారు, ఎవరికి వారు తమ సిద్ధాంతమే గొప్పదంటారు, పక్కవాళ్ళది తీసిపారేస్తారు, వాళ్ళు వెళ్ళాక ఇంకొకరొచ్చి అదే పని చేస్తారు, ఎవరు నిజం చెప్తున్నారో మాకు తెలియట్లేదు. ఆయన ముందు అన్నది, మీకు సందేహం రావడం సబబే, సందేహించాల్సిన చోటే సందేహించారు అని. ఆ ఒక్క మాట కోసమైనా ఈ కథ మీకు చెప్పాలనుకున్నా, ఎందుకంటే మీ ఉత్తరం నిండా సందేహపడుతున్నందుకే ఏదో తప్పు చేస్తున్న భావం కనిపించింది.

తర్వాత ఆయన చెప్పినదాంట్లో మనవాళ్ళు సగమే ఫార్వర్డ్ చేస్తుంటారు. వినికిడి మీద ఆధారపడి ఒప్పుకోకండి, తాతలనాటి నుంచి వస్తోందని ఒప్పుకోకండి, గ్రంథంలో ఉందని ఒప్పుకోకండి, ఈయన మా గురువు కదా అని ఒప్పుకోకండి – ఇక్కడిదాకా అందరికీ తెలుసు. అదే వరసలో తర్కానికి నిలబడింది కదా అని ఒప్పుకోకండి, మీకు ముందే ఉన్న అభిప్రాయానికి సరిపోయింది కదా అని ఒప్పుకోకండి అని కూడా ఉంది. మరి దేన్ని బట్టి? ఆ మాట ప్రకారం నడిస్తే మనిషిలో లోభం, ద్వేషం, మోహం పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, వివేకం ఉన్నవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారా తప్పుపడతారా, అది మీకు మీరుగా చూసుకోండి అన్నాడు. అంటే ‘నీ ఇష్టం, నీకేమనిపిస్తే అదే నిజం’ అనలేదు. అలా అని ఉంటే కాలాములకి ఆయన వల్ల ఒరిగేదేముంది, వాళ్ళు అప్పటికే ఆ స్థితిలోనే ఉన్నారు.

మీ మూడో రూమ్మేట్ అనుభవం సంగతి ఇక్కడే చెప్పేస్తా. ధ్యానంలో శరీరం తేలికైపోవడం, ప్రార్థనలో ఏడుపు ఆగకుండా రావడం, భజనలో ఒళ్ళు మరిచిపోవడం, దర్గాలో ఖవ్వాలీ వింటూ ఊగిపోవడం – ఇవన్నీ నిజంగా జరుగుతాయి, అబద్ధమనడం మూర్ఖత్వం. కానీ జరిగినదానికి పెట్టే పేరు మాత్రం మనం కూర్చున్న హాలుని బట్టి మారిపోతుంది. ఒకచోట పరిశుద్ధాత్మ, ఒకచోట కుండలిని. అనుభవం ఉందంటే ఏదో జరిగిందని రుజువు, దానికి వాళ్ళిచ్చిన వివరణకి అది రుజువు కాదు. వివరణని విడిగా పరీక్షించుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. ‘ఏ మతం నిజం’ అని ఒకేసారి అడిగితే ఎప్పటికీ తెగదు, ఎందుకంటే అన్ని మతాలూ ఒకే రకం మాట చెప్పట్లేదు. క్రైస్తవం ఒక సంఘటన మీద నిలబడింది. క్రీస్తు తిరిగి లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని కొరింథువాళ్ళకి రాసిన లేఖలో పౌలే రాశాడు. కాబట్టి దాన్ని తేల్చుకోవాలంటే మీ రూమ్మేట్ సాక్ష్యం కాదు, నాలుగు సువార్తలూ వరసగా చదివి, ఆ సంఘటన గురించి నమ్మే చరిత్రకారులు, నమ్మని చరిత్రకారులు ఇద్దరూ ఏమంటున్నారో చూడాలి. ఇస్లాం పందెం ఒక గ్రంథం మీద, అది ముహమ్మద్ ప్రవక్తకి దాదాపు 23 ఏళ్ళపాటు అందిన దేవుడి మాట అని. మధ్యలో నరకం పేజీ తిరగేసి పక్కన పెడితే లాభం లేదు, మొదటినుంచి చివరిదాకా చదవండి, పెద్ద పుస్తకమేం కాదు. అద్వైతానికి ఫలానా సంవత్సరం ఫలానాది జరిగిందన్న అవసరమే లేదు, అదంతా విచారణ, వాదన. దాన్ని వాదనగానే ఎదుర్కోవాలి, రామానుజులు ఎదుర్కొన్నట్టు. బౌద్ధం చాలావరకు చేసి చూసుకో అంటుంది, అలాంటప్పుడు చెయ్యకుండా తేల్చడం కుదరదు.

మరి మీ ఇంటి సంగతి? మిగతా ముగ్గురివీ గీటురాయి మీద పెడుతున్నారు కానీ నాన్నగారిది ఏం చెప్తుందో ఒక్క ముక్క రాయలేదు, శనివారం ఒంటిపూట అన్నారంతే. ఆయన ఎందుకు ఉంటారో ఎప్పుడైనా అడిగారా? ఈసారి వెళ్ళినప్పుడు అడగండి, పరీక్ష పెడుతున్నట్టు కాకుండా మామూలుగా. పక్కవాడి మతంలో మహిమ చెప్తే ‘ప్రూఫ్ ఏది’ అంటాం, మనింట్లో చెప్తే ‘పెద్దవాళ్ళు ఊరికే అంటారా’ అంటాం. కొలబద్ద ఒకటే ఉండాలి. ఏ కొలబద్ద పెట్టుకుంటారన్నది తర్వాత, ముందు అది అన్నిటికీ ఒకటేనా చూసుకోండి. ఇది మొదటి రూమ్మేట్‌కీ వర్తిస్తుంది, గుడి మహిమల గురించి అతను అడిగే ప్రశ్నలన్నీ తన సభలో విన్న సాక్ష్యాలకి కూడా అడుగుతున్నాడో లేదో కనుక్కోండి.

ఇక ఆ భయం. ఇటు క్రైస్తవమూ అటు ఇస్లామూ ‘నమ్మకపోతే నరకమే’ అంటున్నప్పుడు, ఆ రెండిట్లో ఏది నిజమో చెప్పడానికి ఆ బెదిరింపు పనికిరాదు, రెండూ అదే చెప్తున్నాయి కదా. దాన్ని లెక్కలోంచి తీసేస్తే మీ టెన్షన్ సగం తగ్గాలి. రెండోది తొందర. అంబేడ్కర్ 1935లో మహారాష్ట్రలోని యేవలాలో, హిందువుగా పుట్టాను కానీ హిందువుగా చావను అని బహిరంగంగా చెప్పారు. నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్ళు. ఆ మధ్యలో సిక్కు మతాన్ని గట్టిగానే పరిశీలించారు, క్రైస్తవులు, ముస్లింలు కూడా రమ్మని పిలిచారు. తనకి ఏం కావాలో ఆయన దాచుకోలేదు: ప్రజ్ఞ, కరుణ, సమత – ఈ మూడూ కలిపి చెప్పేది బౌద్ధమేనని 1956లోనే ఒక రేడియో ప్రసంగంలో చెప్పారు. ఆయన కారణాలు మీకు నచ్చొచ్చు నచ్చకపోవచ్చు, లక్షలమంది తన వెనక ఉన్న మనిషే అంత టైమ్ తీసుకుంటే ఈ ఆదివారం లోపల తేల్చమనే హక్కు మీ రూమ్మేట్‌కి ఎక్కడిది? అతనితో నేరుగా అనండి: ‘నువ్వు నా మంచి కోరే చెప్తున్నావు, నాకు తెలుసు. నేను చదువుతున్నా. నాకై నేను అడిగేదాకా ఇంకెప్పుడూ రమ్మనకు.’ స్నేహితుడైతే ఆగుతాడు.

చివరగా, ఎక్కడికి వెళ్ళినా కొత్తగా చేరినవాణ్ణి కాకుండా అందులో ముప్ఫై ఏళ్ళు బతికినవాళ్ళని పట్టుకోండి, కొత్తవాడికి అన్నీ అద్భుతంగానే కనిపిస్తాయి. ఆ గుంపులోంచి బయటికొచ్చినవాళ్ళ గురించి ఏమంటారో వినండి. ‘పాపం, వాడికి కుదరలేదు’ అనే చోటికీ ‘వాడి పేరెత్తకు’ అనే చోటికీ చాలా తేడా ఉంది, నేనైతే రెండో చోట టీ కూడా తాగను. అయినా తేలకపోతే? తేలలేదని ఒప్పుకుని బతకడం కూడా మర్యాదగల పనే. నిద్ర పట్టకపోవడం మాత్రం వారాల తరబడి సాగుతుంటే అది మతం సమస్య కాదు, డాక్టర్‌కి చూపించుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, లెక్కల మనిషిని. దేవుడు ఉన్నాడనుకోండి, నమ్మినందుకు లాభం. లేడనుకోండి, నమ్మినందుకు పోయేదేం లేదు. ఎందుకైనా మంచిదని నమ్మేస్తే సరిపోయేదానికి కుర్రకారు ఎందుకండీ ఇంత బుర్ర పాడుచేసుకుంటున్నారు?
– రాజమండ్రి

జవాబు: మీ లెక్క చాలా పాతది సార్, కట్టినవాడు కూడా సామాన్యుడు కాదు. ఫ్రాన్స్‌లో పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే గణితవేత్త. సంభావ్యత లెక్కలకి పునాది వేసినవాళ్ళలో ఒకడు, జూదం పందేల మీద ఫెర్మా అనే ఇంకో గణితవేత్తతో నడిపిన ఉత్తరాల్లోంచి ఆ శాస్త్రం పుట్టింది. ఆయనే దేవుడి మీద కూడా పందెం కట్టమన్నాడు, అచ్చం మీరన్నట్టే.

తిరకాసెక్కడంటే, ఆయన టేబుల్ మీద రెండే గళ్ళున్నాయి, కేథలిక్ దేవుడు, లేదా ఎవరూ లేరు. ఆ తర్వాతి శతాబ్దంలో దిదెరో అనే ఫ్రెంచ్ తత్వవేత్త ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు, ఇమామ్ కూడా ఇదే తర్కం చెప్పగలడు కదా అని. మన రాజమండ్రిలో కూర్చుని లెక్కేస్తే ఎన్ని గళ్ళు తేలతాయో మీరే చెప్పండి. సరే, అందరికీ తలో కొబ్బరికాయ కొట్టేద్దాం అంటారా? అది కొందరి దగ్గర చెల్లుతుంది, కొందరి దగ్గర చెల్లదు. నేను తప్ప వేరే దేవుడు నీకుండకూడదు అన్నది మోషేకిచ్చిన పది ఆజ్ఞల్లో మొదట్లోనే ఉంది. అల్లాహ్‌కి సాటి కల్పించడమే ఇస్లాంలో అన్నిటికన్నా పెద్ద పాపం. అంటే అన్ని చోట్లా డిపాజిట్ చేస్తే కొన్ని ఖాతాలు వాటంతటవే రద్దవుతాయి, బ్యాంకువారు మీకు వేరే చెప్పాలా. పైగా మనసులో ఉన్నది చూడగలిగే దేవుడైతే ‘ఎందుకైనా మంచిది’ అన్నది కూడా చూస్తాడు. పాస్కల్‌కి ఈ చిక్కు తెలియక కాదు, ముందు నమ్మినవాళ్ళలాగా నడుచుకో, పూజలకి వెళ్ళు, నమ్మకం నెమ్మదిగా అదే వస్తుంది అన్నాడు. నిజమే, వస్తుంది, అలవాటు చేసుకుంటే ఏదైనా వస్తుంది. ఏ గుడి అలవాటు చేసుకోవాలన్నదే కదా ఆ మియాపూర్ కుర్రాడి గొడవ.

ఇంతకన్నా మంచి లెక్క పైన చెప్పిన కాలాముల కథ చివర్లో ఉంది. ద్వేషం లేకుండా, ఎవరికీ కీడు తలపెట్టకుండా బతికినవాడికి నాలుగు ధైర్యాలు ఉంటాయంటాడు బుద్ధుడు. పరలోకం, కర్మఫలం ఉంటే వాడికి మంచి గతే దొరుకుతుంది. లేకపోతే ఇక్కడే, ఇప్పుడే ప్రశాంతంగా బతికాడు. చెడు చేసినవాడికి చెడు జరిగేట్టయితే వీడు చెయ్యనే లేదు కాబట్టి భయం లేదు. జరగకపోతే రెండు విధాలా శుద్ధంగానే ఉన్నాడు. దీన్లో ఎవరి దేవుణ్ణీ మభ్యపెట్టే పని లేదు, ఏ గడి మీదా పందెం కాయక్కర్లేదు. నాకైతే ఈ ఆడిట్‌లో తప్పు దొరకలేదు, మీకు దొరికితే రాయండి.

ప్రశ్న: అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే. ఈ మాట అందరూ ఒప్పుకుంటే గొడవలే ఉండవు కదా?
– వరంగల్

జవాబు: మంచి మనసుతో అడిగారు కానీ నేను ఒప్పుకోలేను. యేసు సిలువ మీద చనిపోయాడన్నది క్రైస్తవానికి ప్రాణం; ఆయన్ని వాళ్ళు చంపలేదు, సిలువా వెయ్యలేదు అని ఖురాన్ నాలుగో సూరాలో (అధ్యాయంలో) స్పష్టంగా ఉంది. రెండూ నిజం కావడం కుదరదు. శాశ్వతమైన ఆత్మ ఉందని వేదాంతం, లేదని బౌద్ధం. లోకాన్ని సృష్టించిన దేవుడే లేడని జైనం. అంతదూరం ఎందుకు, మన గుళ్ళలోనే జీవుడూ బ్రహ్మమూ ఒకటేనని శంకరులు, ఎప్పటికీ వేరువేరని మధ్వులు. ఇవన్నీ ఒకటేనని చెప్పడం గౌరవించడంలా కనిపిస్తుంది గానీ నిజానికి ఎవరు చెప్పేదీ వినకపోవడం. జాలి, సత్యం, దొంగతనం చెయ్యకు – ఇలాంటివి చాలావరకు కలుస్తాయి, నిజమే. నమ్మినవాళ్ళు ప్రాణం పెట్టేది మాత్రం కలవని వాటి మీదే.

అయినా కలిసి బతకడానికి ఒకటే కావాలని ఎవరన్నారు? కర్నూలు జిల్లాలో, గుత్తి – పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. (అక్కడ ఒక చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి చెక్కారు, చూసి తీరాలి. ఎండాకాలం మాత్రం వెళ్ళకండి.) పద్నాలుగు పెద్ద శాసనాల్లో పన్నెండోది మీ ప్రశ్న మీదే. అన్ని మతాలూ ఒకటేనని అందులో ఆయన అనలేదు. నాలుక అదుపులో పెట్టుకోమన్నాడు. సమయం సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగడొద్దు, పక్కవాడిది తెగడొద్దు, తన మతం మీది భక్తితో పరాయి మతాన్ని తిట్టేవాడు నిజానికి తన మతానికే ఎక్కువ చేటు చేస్తున్నాడు, ఒకరి ధర్మం ఒకరు వినండి అన్నాడు. మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో రూల్స్ పెట్టాలనుకుంటే 2,200 ఏళ్ళ క్రితమే డ్రాఫ్ట్ రెడీగా ఉంది.

ప్రశ్న: అమ్మా, నేను గుడికెళ్తాను, రొట్టెల పండగకి వెళ్తాను, గుణదల మేరీమాతకి మొక్కు కూడా తీర్చాను. మా అబ్బాయి చదువుకున్నవాడు, ‘నీకు ఏ నమ్మకమూ లేదమ్మా, అంతా కన్‌ఫ్యూజన్’ అంటున్నాడు. నేను తప్పు చేస్తున్నానా?
– నెల్లూరు

జవాబు: మీ అబ్బాయిని ఈ మొహర్రానికి స్వర్ణాల చెరువుకి తీసుకెళ్ళండి. బారాషహీద్ దర్గా వెనక మోకాళ్ళ లోతు నీళ్ళల్లో జనం, చేతుల్లో రొట్టెలు, ‘పెళ్ళి రొట్టె ఎవరి దగ్గరుందమ్మా’, ‘వీసా రొట్టె ఇక్కడుంది, రండి’ అని కేకలు. పోయినేడు కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, ఈ ఏడు కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని అక్కడే తింటారు, తీరితే వచ్చే ఏడు వాళ్ళూ రొట్టె తెచ్చి ఇంకొకరికివ్వాలి. ఇచ్చేవాళ్ళ మతం తీసుకునేవాళ్ళు అడగరు. కడపకి వెళ్తే ఉగాది రోజు దేవుని కడప గుళ్ళో ముస్లింలు కొబ్బరికాయ కొడుతుంటారు, బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు, వెంకటేశ్వరుడు మా అల్లుడు అంటారు.

ఇక్కడ సిద్ధాంతం ఎవరూ తేల్చుకోవట్లేదు, మొక్కు మొక్కుతున్నారు, మాట నిలబెట్టుకుంటున్నారు. ఒకే ఒక్క సత్యానికి సంతకం పెట్టాలనేది మతంలో ఒక పద్ధతి, మీది ఇంకో పద్ధతి. కన్‌ఫ్యూజన్ మీది కాదు. అయితే ఒక్క మాట, గట్టిగా నమ్మే క్రైస్తవులకీ ముస్లింలకీ మీ దారి నచ్చదు, వాళ్ళ వైపు నుంచి చూస్తే అందుకు కారణం ఉంది. వాళ్ళూ మీలాగే ఉండాలని ఎదురుచూడకండి, వాళ్ళు మిమ్మల్ని దిద్దబోతే నవ్వి ఊరుకోండి.

ప్రశ్న: ఆంటీ, అసలు మీరు దేవుణ్ణి నమ్ముతారా లేదా? సూటిగా చెప్పండి.
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: కార్తీకంలో దీపం పెడతాను, మా అమ్మ పెట్టేది కాబట్టి. పునర్జన్మ ఉందంటే నాకు నమ్మకం కుదరలేదు. ఎవరో వింటున్నారని కొన్ని రాత్రులు అనిపిస్తుంది, చాలా రాత్రులు అనిపించదు. సూటిగా ఇంతే, ఇంకా సూటిగా చెప్తే అబద్ధమవుతుంది. నువ్వు మాత్రం నేను చెప్పానని ఏదీ నమ్మకు తల్లీ.

ప్రశ్న: మా అమ్మకి ఎప్పటినుంచో షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. (ఫలానా చోటికి) వెళ్ళొచ్చినప్పటినుంచి నయమైపోయిందని ఇంజక్షన్ మానేసింది. విశ్వాసం లేకనే మీరు అడ్డుపడుతున్నారంటుంది. మతం విషయంలో జోక్యం చేసుకోవడం తప్పా?
– అనకాపల్లి

జవాబు: ఇది చదివిన రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, మిగతాది తర్వాత చదవండి. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఫలానా చోటు పేరు మీరు రాశారు, నేనే తీసేశాను, ఎందుకంటే తీర్థం, తాయెత్తు, నూనె – ఇలాంటి ఉత్తరాలు నాకు ఏ ఒక్క మతం నుంచో రావట్లేదు. పరలోకం ఉందా లేదా అన్నది పరీక్ష చేసి తేల్చలేం. షుగర్ నయమైందా లేదా అన్నది ల్యాబ్‌లో తేలిపోతుంది, పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. అమ్మతో వాదించకండి. ‘నయమైతే రిపోర్ట్‌లో కనబడాలి కదమ్మా, చూపించి దేవుడికి దణ్ణం పెట్టుకుందాం’ అనండి. వాళ్ళ మతంలోనే, అమ్మ గౌరవించే పెద్దాయన ఎవరైనా రోజూ బీపీ మాత్ర వేసుకునేవారు ఉంటారు, తప్పకుండా ఉంటారు, ఆయనతో ఒక్క మాట చెప్పించండి. మీరు పది రోజులు చెప్పినదానికన్నా అది పనిచేస్తుంది. ప్రార్థన మానమని మాత్రం అనొద్దు, గొడవ ప్రార్థనతో కాదు. మహిమతో షుగర్ తగ్గిస్తామని ప్రకటనలిచ్చేవాళ్ళ మీద 1954 నుంచే చట్టం ఉంది, ఆ చట్టం జాబితాలో మధుమేహం కూడా ఉంది. ఫిర్యాదు చెయ్యాలనుంటే ఆ కరపత్రం పారెయ్యకుండా దాచండి.

ప్రశ్న: నేను హిందువు, మా ఆవిడ క్రిస్టియన్, ఎవరమూ మారలేదు. ఇప్పుడు పాప పుట్టింది. మా అమ్మ బారసాల అంటుంది, అత్తగారు బాప్తిస్మం అంటారు. బర్త్ సర్టిఫికెట్‌లో మతం దగ్గర ఏం రాయాలో తెలియక ఆగిపోయాం. పాప దేన్ని నమ్మాలి?
– ఎల్బీ నగర్

జవాబు: పాప ప్రస్తుతం పాలని నమ్ముతుంది, దాన్ని అలా వదిలెయ్యండి.

కాగితాల సంగతి ముందు. 2023లో తెలంగాణ హైకోర్టు, జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అని రాసుకునే వీలు కల్పించాలని చెప్పింది. కాబట్టి ఏదో ఒకటి రాసి తీరాలన్న ఒత్తిడి పెట్టుకోకండి. అయితే కులం దగ్గర ఆలోచించి రాయండి, రేపు రిజర్వేషన్ వర్తించే పిల్లయితే ఆ ఖాళీ తర్వాత అడ్డొస్తుంది, దీన్లో ఆదర్శం కన్నా పాప హక్కు ముఖ్యం. మీ పెళ్ళి 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ అయిందా? అయితే మీ ఆస్తికి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది, ఉమ్మడి కుటుంబం నుంచి కూడా మీరు విడిపోయినట్టే లెక్క. ఇది చాలామంది జంటలకి తెలియదు, లాయర్‌తో ఒక గంట కూర్చోండి.

బారసాల చెయ్యండి, అది పేరు పెట్టే వేడుక, అత్తగారిని పిలిచి ఆవిడతో కూడా ఆ పేరు చెవిలో చెప్పించండి. బాప్తిస్మం విషయంలో మాత్రం వాళ్ళ సంఘం ఏదో కనుక్కోండి. కేథలిక్కులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు పసిపిల్లలకి ఇస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు పసిపిల్లలకి ఇవ్వరు, తెలిసి ఒప్పుకునే వయసొచ్చాకే. అత్తగారు ఈ రెండో వరసవారైతే మీ గొడవ అక్కడితో తీరిపోయింది, పాపని ప్రతిష్ఠించి ప్రార్థన చేస్తారంతే, వెళ్ళి కూర్చోండి. మొదటి వరసైతే ఇద్దరూ మాట్లాడుకుని ఒక మాట మీదికి రండి, కానీ ఆ మాట అమ్మకి మీరు చెప్పాలి, అత్తగారికి మీ ఆవిడ చెప్పాలి. అటుదిటు మార్చి చెప్పారంటే మాత్రం వచ్చే నెల తోటికోడలి కాలమ్‌లో మీ ఉత్తరం కూడా ఉంటుంది.